తెల్లబంతి ఆగే చోటు

లోవరాజు కొట్టిన ఎర్రబంతి పాకెట్లో పడింది. అందులో అనుమానం లేదు. దాన్ని కొట్టిన తెల్లబంతి మాత్రం టేబుల్ మీద లేదు.

అది టేబుల్ అంచు మీద ఒక గెంతు గెంతి, తెరిచి ఉన్న కిటికీలోంచి బయటికి దూకి, మేడ కింద కొండన్న బజ్జీల బండి మీద పడింది. ముందు ఇనుప మూకుడు ఖంగుమంది. తర్వాత కొండన్న కేక వినిపించింది.

"ఎవుడ్రా అది! శనగపిండిలో బంతులేత్తన్నాడు!"

కుర్రాళ్లు ఈలలు వేశారు. లోవరాజు కిటికీలోంచి తొంగి కూడా చూడలేదు. క్యూ కర్ర భుజాన వేసుకుని, "ఎర్ర పడిందా లేదా? అది సెప్పండి ముందు," అన్నాడు.

"ఎర్ర పడింది. తెల్ల కూడా పడింది, కొండన్న పిండిలో. రెండూ మీవేనా అండీ?"

అమ్మాయి గొంతు. ఈలలు టక్కున ఆగిపోయాయి.

నర్సీపట్నం అబీద్ సెంటర్లో, ఒక బట్టల కొట్టు మీది మేడలో ఉండేది అప్పాజీ గారి స్నూకర్ పార్లర్. ఉన్నది ఒక్కటే టేబుల్. విశాఖపట్నంలో ఒక క్లబ్బులో ఆయన చాలా ఏళ్లు మార్కర్‌గా చేశారు. అంటే ఆడేవాళ్లకి పాయింట్లు చెప్పడం, నేర్చుకునేవాళ్లకి ఆట చెప్పడం. ఆ క్లబ్బువాళ్లు పాత టేబుల్ తీసేస్తుంటే తెచ్చుకుని సొంత ఊళ్లో పెట్టుకున్నారు. రెండు వేల మూడు వేసవిలో పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. టేబుల్ పక్క గదిలోనే మంచం వేశారు. డిగ్రీ పరీక్షలు అయ్యాక ఆయన ఒక్కగానొక్క కూతురు ఝాన్సీలక్ష్మి ఆ రోజే కౌంటర్లో కూర్చోవడం మొదలుపెట్టింది. తల్లి ఆమె చిన్నప్పుడే పోయింది.

లోవరాజు ఆమెను చూడడం అదే మొదటిసారి.

ఆమె కిందికి వెళ్లి బంతిని వెతికి, కడిగి తెచ్చింది. అరచేతిలో పెట్టి చూపించింది. మూకుడు అంచు తగిలి గోరంత ముక్క లేచిపోయింది.

"మీ పేరు?"

"లోవరాజు. మాది ఏటికొప్పాక."

"లోవరాజు గారూ, ఈ టేబుల్ మీద ఇరవై రెండు బంతులుంటాయి. ఇరవై ఒకటి మీ ఇష్టం, ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపండి. క్యూతో కొట్టే ఈ ఒక్కదాన్ని మాత్రం ఇంటికి తీసుకురావాలి."

"ఎర్ర పడింది కదండీ."

"మీ పెద్ద బ్రేక్ ఎంత?"

బ్రేక్ అంటే ఒక్కటీ తప్పకుండా వరసగా కొట్టిన పాయింట్లు. ఎర్రకి ఒకటి, వెంటనే ఒక రంగుబంతి, మళ్లీ ఎర్ర, మళ్లీ రంగు. పడిన రంగుబంతిని తీసి మళ్లీ టేబుల్ మీద పెడతారు. లోవరాజు తల గోక్కున్నాడు.

"ఇరవై రెండు."

"అంత బలానికి అంతేనా?"

ఒక కుర్రాడు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. లోవరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"కొత్త బంతి నాను తెత్తాను. బేగి తెత్తాను."

"వైజాగ్ వెళ్తారా?"

"ఎందుకు? మా ఊళ్లో లేవేటి బంతులు?" అనేసి మెట్లు దిగిపోయాడు.

అన్నాడే గానీ, బస్సు కోటవురట్ల దాటాక ఆ మాట బరువు తెలిసింది. ఏటికొప్పాకలో బంతులు తయారవుతాయి. అంకుడు కర్రతో చేసి, లక్క పూసిన బొమ్మలు, బొంగరాలు, బంతులు. వాళ్ల నాన్న చేసేవాడు. చెయ్యి తిరిగిన మనిషి. ఆషాఢంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. అప్పటి నుంచి వసారాలో, కర్రని తిప్పి చెక్కే లేతు మీద గోనెపట్టా కప్పి ఉంది. లోవరాజు రోజూ పొద్దున్నే "పనుంది" అని నర్సీపట్నం బస్సెక్కడం, బంతుల్ని చావగొట్టడం, చీకటిపడే వేళకి ఇల్లు చేరడం. ఏం పనని తల్లి కామమ్మ ఒక్కసారీ అడగలేదు.

ఆ సాయంత్రం అతను గోనెపట్టా తీశాడు.

లేతు తిరగడం మొదలైంది. వంటింట్లో కామమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆమె బయటికి రాలేదు. కిరోసిన్ స్టవ్ మోతకి లేతు చప్పుడు సరిగా వినబడటం లేదని స్టవ్ ఆర్పేసి, చీకట్లో పీట మీద కూర్చుంది.

మరుసటి రోజు లోవరాజు బంతిని జేబురుమాల్లో చుట్టి తీసుకెళ్లాడు. పాలమీగడ రంగు. ఎక్కడా గీత లేదు, గాటు లేదు. ఝాన్సీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెంపకి ఆనించుకుంది. అంతలోనే అది ఆటబంతి అని గుర్తొచ్చినట్టు బల్ల మీద పెట్టేసింది.

"చాలా బాగుంది. కానీ ఇది కర్ర కదండీ?"

"కర్రయితే ఏటి? కొలత సరిపోయింది. గుండ్రంగా ఉంది."

"ఆడి చూడండి మరి."

లోవరాజు వంగాడు. ఎదురుగా తిన్నగా ఎర్రబంతి. అలవాటు ప్రకారం బలమంతా పెట్టి కొట్టాడు. కర్రబంతి వెళ్లి ఎర్రకి గుద్దుకుంది. ఎర్ర బద్ధకంగా నాలుగడుగులు జరిగింది. కర్రబంతి మాత్రం వెళ్లిన దానికంటే వేగంగా వెనక్కి వచ్చి, లోవరాజు గడ్డం పక్కనుంచి దూసుకుపోయి కౌంటర్ కింద దూరింది.

ఝాన్సీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "పాపం, అది కూడా మీకు భయపడి ఇంటికి వచ్చేసింది."

అప్పుడే పక్క గదిలోంచి నవ్వు వినిపించింది. ముందు దగ్గులా మొదలై, తర్వాత ఆగకుండా వచ్చిన నవ్వు. "ఏటే అది? టేబుల్ మీద కర్రపేడు కొట్టినట్టుంది!"

ఝాన్సీ కదలకుండా నిలబడిపోయింది. ఆమె ముఖంలో ఆట పట్టించడం పోయింది.

"ఏమైంది?" అన్నాడు లోవరాజు.

"ఏం లేదు. నాన్న నవ్వి చాలా కాలమైంది." ఆమె వంగి కర్రబంతిని తీసింది. "దీనికి లక్క ఎలా పట్టిస్తారు?"

ఎందుకో అతనికి ఆమెకి చెప్పాలనిపించింది. కర్ర తిరుగుతూ ఉంటే లక్క పుల్లని ఆనిస్తారు. రాపిడికి వేడి పుట్టి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఎక్కువ నొక్కితే మాడుతుంది. తక్కువ నొక్కితే కరగదు. ఎంత నొక్కాలన్నది నోటితో చెప్పేది కాదు, చేతికి తెలియాలి. చిన్నప్పుడు నాన్న తన చెయ్యి మీద చెయ్యి వేసి నేర్పాడు.

"మరి ఆ చేతిని ఇక్కడికెందుకు తేరు?" అంది ఝాన్సీ.

లోవరాజు కిటికీ వైపు తిరిగి, "మా నాన్న ఆషాడంలో పోయేడండీ," అన్నాడు.

ఆమె అయ్యో అనలేదు. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి, నాన్న పాత పెట్టెలోంచి ఇంకో తెల్లబంతి తీసుకొచ్చింది. అసలు బంతి, క్లబ్బు నాటిది.

"దీంతో ఆడండి. మెల్లగా."

అలా మొదలైంది పాఠం. మొదట్లో ఆమె రంగుబంతుల్ని ముట్టుకోనివ్వలేదు. తెల్లబంతిని అవతలి అంచుకి పంపి, అది తిరిగి వచ్చి క్యూ కొసకి తగిలేలా కొట్టమంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే పని.

"సప్పగా ఉందండీ ఇది. మనిషన్నోడు ఆడీదేనా?"

"మనుషులు అయిదారుగురు ఆడగా చూశానులెండి. మీరెప్పుడు కలుస్తారో వాళ్లలో."

ఆ తర్వాత ఒక్క ఎర్రబంతి ఇచ్చింది. అది పాకెట్లో పడాలి, తెల్లది తాను చెప్పినచోట ఆగాలి. చోటు చూపించడానికి పచ్చగుడ్డ మీద నిన్నటి పేపర్ పరిచేది. ఆగితే రేపటికి పేపర్ సగానికి మడత. దసరా దగ్గరపడేసరికి అది అగ్గిపెట్టెంత అయింది. మధ్య మధ్య పక్క గదిలోంచి అప్పాజీ గారి గొంతు వచ్చేది. చూసేది లేదు, వినడమే.

"గట్టిగా కొట్టేడు!"

"ఎర్ర పడింది నాన్నా."

"పడిన బంతితో పనయిపోయింది కాదేటే. ఆగిన బంతితోటే ముందున్నాది పని. తెల్లదెక్కడాగింది?"

"నీలం వెనకాల దాక్కుంది."

"సిగ్గుపడతంది. దాన్ని కొట్టినోడు కూడా పడితే బాగున్ను."

లోవరాజుకి సిగ్గు పడటానికి వేరే కారణాలుండేవి. ఝాన్సీ పక్కన నిలబడి, "ఇక్కడ, బంతికి కొంచెం కిందగా, చిన్న దెబ్బ," అని వేలితో చూపిస్తే అతని కళ్లు వేలి దగ్గర ఆగేవి కావు.

"లోవరాజు గారూ, ఎర్రబంతి అటుంది."

"సూత్తన్నానండీ."

"నా బొట్టు కూడా ఎర్రదే గానీ, దానికి పాయింట్లు లేవు."

అతను తప్పు కొట్టాడు. పక్క గదిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఈ సరదాల వెనక ఒక గడువుంది. యలమంచిలి నుంచి ఝాన్సీ మేనమామ సింహాద్రి వచ్చినప్పుడల్లా ఒకటే మాట. ఆడపిల్ల పార్లర్లో కూర్చోవడం బాగులేదు, టేబుల్ తీసేసి ఇద్దరూ తన ఇంటికి వచ్చేయాలి. చెడ్డవాడు కాదు. ప్రేమతో గొడవపడే మనిషి. పోరు పడలేక అప్పాజీ గారు ఒకరోజు అన్నారు: "రోజూ టేబుల్ని బాదుతుంటే ఇనలేక సత్తన్నాను బావా. దసరా దాకా సూద్దాం. ఈ ఊళ్లో ఒక్కడు యాబై బ్రేక్ కొడితే టేబుల్ ఉంతాది. లేదంటే నీ వ్యాన్ నువ్వే తెచ్చుకో."

ఆ మాట కుర్రాళ్ల నోట పడి మారిపోయింది. లోవరాజు చెవికి చేరేసరికి, దసరాకి ఝాన్సీ పెళ్లి, వరుడిది యలమంచిలి.

ఆ రోజు అతను మళ్లీ బాదాడు. టేబుల్ అదిరింది.

"ఏమైందండీ ఇవాళ?"

"ఏటీ లేదు. కంగ్రాచ్యులేషన్స్."

"దేనికి?"

"దసరాకి యలమంచిలి ఎల్లిపోతన్నారట కదా. బోయినాలకి మాకూ సెప్పండి."

ఝాన్సీ చాక్ ముక్క తీసుకుని అతని క్యూ కొసకి తనే రాసింది, నెమ్మదిగా.

"టేబుల్ వెళ్తే నేనూ నాన్నా వెళ్తాం. మావయ్య ఇంటికి, పెళ్లికి కాదు. ఎవరైనా యాభై కొడితే ఎక్కడికీ వెళ్లం. ఇక్కడ యాభై కొట్టగలిగినవాడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. వాడేమో భోజనాల గురించి ఆలోచిస్తున్నాడు."

లోవరాజు చప్పున టేబుల్ వైపు తిరిగాడు.

"వంగండి," అంది ఆమె. "ఆట మీద ఉండండి."

ఆ మాట తర్వాత అతని బ్రేక్ ముప్పై దాటింది. అప్పుడప్పుడు నలభై కూడా దాటేది. అక్కడితో ఆగిపోయేది. నలభై దాటగానే యాభై కనిపించేది. యాభై కనిపించగానే చెయ్యి బిగిసేది.

దసరాకి ముందురోజు సింహాద్రి వ్యాన్ వేసుకుని, నలుగురు కూలీలతో వచ్చాడు. అదే వేళకి లోవరాజు కూడా తల్లిని వెంటబెట్టుకుని బస్సు దిగాడు. "నిన్ను లేతు కాడ కూకోబెట్టిన గుంటని ఓసారి సూస్తాన్రా," అంది కామమ్మ. మెట్లెక్కి, ఝాన్సీని చూసి, వెళ్లి అప్పాజీ గారి మంచం పక్కన కుర్చీలో కూర్చుంది.

కూలీలు టేబుల్ కాళ్ల దగ్గర వంగారు. అప్పుడే వాన మొదలైంది. చినుకు కాదు, కుండపోత. మేడ మెట్ల మీద నీళ్లు కాలువ కట్టాయి.

"పచ్చగుడ్డ తడిస్తే మరి పనికిరాదు బావా," అన్నారు లోపలి నుంచి అప్పాజీ గారు. "వాన తగ్గినదాకా ఆగు. ఈలోగా మీవోళ్లు టీ తాగుతారు. ఆ కుర్రోడు ఓ ఫ్రేమ్ ఆట ఆడతాడు."

ఝాన్సీ ఎర్రబంతుల్ని పేర్చింది. అవతల ఆడేది ఎవరూ లేరు. పేర్చినవి తనే విడగొట్టి లోవరాజుకి వదిలింది. పేపర్ పరచలేదు. "చోటు మీకే కనబడాలి," అంది అంతే.

లోవరాజు వంగాడు. ఎందుకో ఆ క్షణాన తన చేతి మీద ఇంకో చెయ్యి ఉన్నట్టనిపించింది. ఎక్కువ నొక్కితే మాడుతుంది. తక్కువ నొక్కితే కరగదు.

ఎర్ర పడింది. తెల్లది రెండు జానలు నడిచి నల్లబంతి వెనక, సరిగ్గా కావలసిన పక్కన ఆగింది.

"ఒకటి," అంది ఝాన్సీ. ఏడు పాయింట్ల నల్లది పడింది. "ఎనిమిది."

పక్క గదిలో కామమ్మ గుసగుసగా అడుగుతోంది. "ఏటవుతందండీ?"

"మీవోడు టేబుల్ని నిద్ర లేపకుండా ఆడతన్నాడమ్మా."

పదహారు. ఇరవై నాలుగు. నల్లది అందదనిపించి, లోవరాజు తెల్లబంతిని నీలం దగ్గరికి పంపాడు. ముప్పై. గులాబీతో ముప్పై ఏడు. కూలీలు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. కొండన్న వాన వంకతో పైకి వచ్చి, అట్టముక్కతో తల తుడుచుకుంటూ, "ఇయాళ కిందికేటీ రాలేదేటా అని వచ్చేను," అన్నాడు. సింహాద్రి అతని నోరు మూశాడు.

నలభై అయిదు.

ఈసారి లోవరాజుకి యాభై కనబడలేదు. తెల్లబంతి ఆగబోయే చోటు కనబడుతోంది, అంతే. అది ఆగాక, ఆ తర్వాతి చోటు. ఎర్ర పడింది. నలభై ఆరు. తెల్లది అనుకున్నదానికంటే కాస్త ముందుకి పోయింది. ఫరవాలేదు, నీలానికి దారి ఉంది. నీలం మధ్య పాకెట్లోకి మెత్తగా జారింది. వెంటనే ఇంకో ఎర్ర.

లెక్క వినబడలేదు.

"ఎంతయింది?" అన్నాడు అతను, తల ఎత్తకుండా.

చివరికి తల ఎత్తి చూశాడు. ఝాన్సీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కళ్లు నిండిపోయి ఉన్నాయి.

"లెక్కాపీసేవేటే!" పక్క గదిలోంచి కేక. "ఎర్ర ఒకటి, నీలం అయిదు, మళ్లీ ఎర్ర! యాబై రెండు! సెప్పు!"

"యాభై రెండు," అంది ఝాన్సీ.

ఎదురుగా నల్లబంతి, పసిపిల్లాడు కూడా కొట్టగలిగినది. లోవరాజు వంగాడు. టేబుల్ అంతా నీళ్లలో ఉన్నట్టు కదిలింది. కొట్టాడు. తప్పింది.

"సారీ అండీ," అన్నాడు.

ఆ మాటకి మేడంతా నవ్వింది. కొండన్న మెట్ల మీద నిలబడి కిందికి కేకేశాడు. "అందరికీ బజ్జీలు! ఈ వాయి నాది!"

కామమ్మ లేచి వచ్చింది. ఝాన్సీ చెంపలు నిమిరి, తన కణతలకి మెటికలు విరుచుకుంది. "మా ఇంట్లో సప్పుడాగిపోనాదమ్మా. నువ్వే మళ్లీ తెచ్చీసేవు." పమిటతో ముఖం తుడుచుకుంది.

"మా ఇంట్లో కూడానండీ," అంది ఝాన్సీ.

సింహాద్రి గుమ్మంలో నిలబడి, వ్యాన్ వైపు, టేబుల్ వైపు చూశాడు. "మరి నానేటి సెయ్యాల బావా? కాళీ వ్యాన్ ఏసుకుని ఎల్లాలా?"

"కాళీగా ఎందుకు? ఆ తల్లినీ కొడుకునీ ఏటికొప్పాకలో దించీయి. దారిలో మాటాడు."

"ఏటి మాటాడాల?"

"మేనమామవి కాదేటి? మేనకోడలి గురించి మాటాడు."

సింహాద్రికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ముందు కోపం తెచ్చుకోవాలా అని ఆలోచించాడు. ఝాన్సీ ముఖం చూసి ఆ ప్రయత్నం మానుకున్నాడు. "అక్కా, వాన తగ్గింది. ముందు సీట్లో కూకో," అన్నాడు కామమ్మతో.

ఝాన్సీ బంతులు సర్దుతున్నట్టు వంగి ఉంది. లోవరాజు ఆమె దగ్గరికి వెళ్లాడు. రెండు నెలలుగా మనసులో పేర్చుకున్న మాటలన్నీ చెల్లాచెదురయ్యాయి.

"నాకు ఏటి సెప్పాలో తెలీటం లేదు," అన్నాడు.

"గట్టిగా చెప్పకపోతే చాలు. నాన్న వింటారు," అందామె, తల ఎత్తకుండా. ఆమె చెవులు కూడా ఎర్రగా ఉన్నాయి.

అతను పక్క గదిలోకి వెళ్లాడు. మంచం మీద, దిండు మీద ఆనించి ఉన్న ఆయన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతిలో కదలిక లేదు. వెచ్చగా ఉంది. నాన్న చేతిని ఇలా పట్టుకుని కూర్చునే వీలు తనకి ఇంట్లో లేకుండా పోయింది. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు.

అప్పాజీ గారు కళ్లు మూసుకునే ఉన్నారు.

"నలబై ఆరు కాడ," అన్నారు, "తెల్లది జానెడు ఎక్కువ నడిచింది. అంచుకి తగిలింది, నాను ఇన్నాను. పండగెల్లినాక బేగి రా. అది సరిసేసుకోవాల."

"అలాగే మావయ్యా," అన్నాడు లోవరాజు.

అవతల గదిలో, ఝాన్సీ చేతిలోంచి ఒక బంతి జారి పచ్చగుడ్డ మీద పడింది. దొర్లుకుంటూ ఎక్కడికి పోయిందో ఎవరూ పట్టించుకోలేదు.